సైన్యాధికారుల శాఖానిర్ణయము – పూర్వోత్తరములు

సైనికవిద్యాలయమున శిక్షణము ముగించిన యువకుడు పదాతిదళమునకు పోవునా, శతఘ్నిదళమునకు పోవునా, ఇంజనీర్ల దళమునకు పోవునా యనుట పైకి చిన్న విషయముగ దోచును. ఆ దినమున అతని చేతికి వచ్చు కాగితములో దానిని గూర్చి యుండునది ఒక్క పంక్తి. కాని ఆ పంక్తి అతని ముప్పదియేండ్ల జీవితమునకు త్రోవ చూపును. ఒక్కొక్కప్పుడు అతని నెన్నడును చూడని లక్షలాది జనుల బ్రదుకును గూడ మార్చును. గోదావరి మండలములలో నేటికిని కాలువనీటితో వరి పండుచున్నదన్నచో, అందులకు గల కారణములలో నొకటి, 1819లో ఇంగ్లాండునందు పదునారేండ్ల బాలుడొకనికి ఏ శాఖ నిచ్చిరన్నదే. ఆ కథ ముందు రాగలదు.

మన మహాసభలలో కొన్నియేండ్లుగా ఒక కోరిక వినవచ్చుచున్నది. భారతసైన్యమున మన సంఘము పేరిట నొక రెజిమెంటు నెలకొల్పవలెననియు, అందుకై ప్రతినిధివర్గమును ఢిల్లీకి పంపవలెననియు పెద్దలు కొందరు తీర్మానము ప్రతిపాదించుచున్నారు. ఉత్తరదేశమున అహీరులు చిరకాలముగ అట్టి కోరికనే కోరుచున్నారు. ఆ పెద్దలయెడ నాకు గౌరవము కలదు. మన పిల్లలు సైన్యమున నున్నతపదవుల నందవలెననుటయే వారి యుద్దేశము. కాని రెజిమెంటునకు పేరు పెట్టుట వేరు. ఆ రెజిమెంటునకు అధికారిగ నెవ్వడు పోవునో నిర్ణయించుట వేరు. ఈ రెండింటిని ఒకటిగ భావించుటచేతనే మన చర్చ దారితప్పుచున్నది. కావున అధికారశిక్షణము పొందు క్యాడెట్టులకు శాఖల నిచ్చు పద్ధతి ఏయే కాలమున ఏయే విధముగ నడచినదో పాఠకమహాశయుల యెదుట నుంచుచున్నాను.

మొదట మన పురాతనగ్రంథముల మాట. ఆదిపర్వమున ద్రోణాచార్యుడు రాజకుమారులకు విద్య గరపిన ఘట్టము అందరెరిగినదే. ఆయన అందరికిని ఒకే యాయుధము నీయలేదు. భీమదుర్యోధనులు గదయందును, నకులసహదేవులు ఖడ్గమునందును, ధర్మరాజు రథయుద్ధమునందును, అశ్వత్థామ అస్త్రరహస్యములయందును ఆరితేరిరి. అర్జునుడు అన్నిటను మేటి యయ్యెను. శిష్యుని దేహబలమును, చేతివాటమును, మనస్సును పరికించి విద్య నప్పగించుట ఇందు కానవచ్చుచున్నది. అయితే ఆ పర్వమునందే ఏకలవ్యుని కథయు నున్నది. ఆ పర్వమునందే కుమారాస్త్రవిద్యాప్రదర్శనమున కర్ణుడు అర్జునునకు దీటుగ నిలువబడినప్పుడు, కృపాచార్యుడు అతని విద్యను గాక వంశమును గూర్చి ప్రశ్నించెను. కౌశలమును బట్టి నియోగించుటయు, కులమును బట్టి త్రోసివేయుటయు మన యితిహాసమున ప్రక్కప్రక్కనే యున్నవి. ఒకదానిని మాత్రమే యెత్తి చూపి మురియువారు రెండవదానిని గూడ చదువవలసియున్నది.

కౌటిల్యుడు ఈ విషయమును మరింత సూటిగ చర్చించెను. 1909లో మైసూరున శామశాస్త్రిగారు అర్థశాస్త్రమును ప్రకటించువరకు ఆ చర్చ పండితులకు సైతము అందుబాటున లేదు. తొమ్మిదవ యధికరణమున సేనల తారతమ్యము వచ్చును. బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య, శూద్రసేనలలో తేజోవిశేషముచేత ముందుముందుది శ్రేష్ఠమని పూర్వాచార్యులు చెప్పిరట. కౌటిల్యుడు దానిని కాదనెను. శత్రువు నమస్కరించి బ్రాహ్మణసేనను వశపరచుకొనవచ్చునని ఆయన యెత్తిపొడుపు. ఆయుధవిద్యలో వినీతమైన, అనగా శిక్షితమైన, క్షత్రియసేన మేలనియు, లేదా సంఖ్యాబలము గల వైశ్యశూద్రసేన మేలనియు ఆయన సిద్ధాంతము. వర్ణమును ఆయన పూర్తిగ విడువలేదు. కాని శిక్షణమును, బలమును దానికి తోడు తెచ్చి నిలిపెను. గజ, అశ్వ, రథ, పదాతి శాఖలకు వేర్వేరు అధ్యక్షులను గూడ రెండవ యధికరణమున చెప్పెను. ఒక్కొక్క శాఖకు వేరు శాస్త్రము, వేరు లెక్క, వేరు మేత. కావున వేరు మనుష్యుడు.

ఇక విద్యాలయమున పరీక్షించి శాఖ నిచ్చు నవీనపద్ధతి పాశ్చాత్యదేశములలో పుట్టినది. దానికి ముందు ఇంగ్లాండున నడచినది వింటిమేని, మన కులవృత్తులే మేలని తోచును. అచట పదాతి, అశ్వికదళములలో అధికారపదవి కొనవలసినదిగ నుండెడిది. పందొమ్మిదవ శతాబ్దమున సాధారణ పదాతిదళములో ఎన్సైను పదవి వెల 450 పౌనులు. అశ్వికదళములో కార్నెటు పదవికి 840 పౌనులు. పదాతిదళపు లెఫ్టినెంటు కర్నలు పదవికి 4,500 పౌనులు. ఇవి ప్రభుత్వమువారి ధరలు మాత్రమే. చాటున చేతులు మారునది ఇంకను హెచ్చు. ధనికుని పుత్రుడు గుఱ్ఱమెక్కును, మధ్యముని పుత్రుడు నడచును. ఈ విక్రయము 1871లో గాని రద్దు కాలేదు.

అయితే శతఘ్నిదళమునందును, ఇంజనీర్లయందును ఈ బేరము సాగలేదు. కారణము తేటతెల్లము. ఫిరంగి గుండు ఎంత దూరమున పడునో లెక్కకట్టలేనివానికి ఆ పదవి నమ్మినచో, గుండు తన పటాలము పైననే పడును. 1741లో వూలిచ్చినందు నెలకొల్పిన రాజసైనిక పాఠశాల ఈ రెండు శాఖలకొరకే. అచట క్షేత్రగణితము, దుర్గనిర్మాణము, చిత్రలేఖనము నేర్చి, పరీక్షలో నెగ్గినవాడే అధికారి యగును. సాండ్‌హర్‌స్టు కళాశాల పదాతి, అశ్వికులకు. ఈ విధముగ ఒకే రాజు సైన్యమున రెండు ధర్మములు నడచినవి: గణితము కావలసినచోట విద్య, గణితము అక్కరలేదనుకొన్నచోట ధనము.

ఈస్టిండియా కంపెనీవారు వర్తకులు గనుక, సొమ్ము పెట్టి తెచ్చుకొను మనుష్యుని పనితనమును ముందు చూచుకొనిరి. కంపెనీ సైన్యమున పదవుల విక్రయము లేదు. 1809లో లండనునకు దక్షిణమున క్రాయిడను చెంత ఆడిస్‌కూంబు అను భవనమున వారు సైనికవిద్యాలయమును తెరచిరి. ప్రవేశమునకు డైరెక్టర్ల సిఫారసు కావలెను. కాన అది సర్వజనులకు తెరచిన ద్వారము కాదు. కాని లోనికి పోయిన పిదప సిఫారసు పనిచేయదు. గణితము, దుర్గవిద్య, భూమికొలత, చిత్రలేఖనము, హిందూస్థానీ మొదలగునవి చదివి, చివర బహిరంగపరీక్షకు నిలువవలెను. ముందు వరుసలోని కొలదిమందికి ఇంజనీర్ల దళము, తరువాతివారికి శతఘ్నిదళము, మిగిలినవారికి పదాతిదళము. మొదట పై రెండు శాఖలకే యుద్దేశించినను, 1827 నుండి పదాతిదళపు క్యాడెట్టులను గూడ చేర్చుకొనిరి. 1861లో మూతపడులోపల సుమారు 3,600 మంది ఈ విద్యాలయమునుండి హిందూదేశమునకు వచ్చిరి. బంగాళ, మద్రాసు, బొంబాయి సైన్యములు మూడును వీరిని పంచుకొన్నవి.

ఆ మూడువేల చిల్లరలో నొకడు ఆర్థరు కాటను. 1803లో జన్మించి, పదునొకండుగురు అన్నదమ్ములలో పదవవాడై, 1818లో పదునైదేండ్ల ప్రాయమున ఆడిస్‌కూంబున చేరెను. పదవ కుమారునికి అశ్వికదళపదవి కొనిపెట్టు తండ్రులు ఏ దేశమునను అరుదు. మరుసటి సంవత్సరమే ఆతడు మద్రాసు ఇంజనీర్ల దళమునకు నియుక్తుడయ్యెను. 1821లో మద్రాసునకు వచ్చెను. కావేరీ, కొల్లడము నదులపై ఆనకట్టల పని నేర్చి, 1847లో ధవళేశ్వరమున పని కారంభించి, 1852లో ముగించెను. 1832, 33 సంవత్సరముల కరవున ఊళ్లకు ఊళ్లు పాడుపడిన తెలుగుదేశమున, పది లక్షల యెకరములకు నీరు పారించు నిర్మాణమునకు అదియే పునాది. నేడా పాత ఆనకట్ట స్థానమున నున్న బారేజికి ఆయన పేరే పెట్టిరి. కోనసీమలో ఆయన విగ్రహము లేని ఊరు వెదకవలసియుండును.

ఆ బాలునికి పరీక్షలో అంకములు కొలదిగ తగ్గి, శతఘ్నిదళము వచ్చియుండినచో ఏమగును? మద్రాసు ఫిరంగిదళమునకు నెలవైన పరంగిమలయందు ఫిరంగులకు కాపుండి, ఏదో యొక బర్మాయుద్ధమున పతకము సంపాదించి, పింఛను పుచ్చుకొని పోయియుండును. మరియొక ఇంజనీరు గోదావరికి వచ్చియుండునేమో, రాకపోవునేమో. ఊహకు హద్దు లేదు గనుక ఇంతటితో విడుచుచున్నాను. అయితే మన పక్షమున గమనింపవలసినది ఒకటి. ఇంజనీర్ల శాఖయే సర్వోత్తమమని తెలివిగలవారందరు దాని నాశించుటకు హేతువు గౌరవము మాత్రమే కాదు. జీతము హెచ్చు, యుద్ధము లేని కాలమున బాటలు, కాలువలు, వంతెనలు నిర్మించు స్వతంత్రాధికారము దొరకును. శాఖ యొక్క ఆకర్షణము దాని పనిని బట్టి పుట్టినది.

ఈ పద్ధతికి గల దోషమును గూడ చెప్పవలెను. తెలివిగలవారినెల్ల తోడివేసి, మిగిలిన తరకను పదాతిదళమునకు పోసినచో ఆ దళము గతి యేమి? సిపాయిలలో అత్యధికసంఖ్యాకులు పదాతులే. వారిపై నుండు అధికారి తాను పరీక్షలో వెనుకబడినవాడనని యెరుగును. సమర్థుడైనచో పటాలమును విడిచి దివానుపనికో, సర్వేకో, రాయబారమునకో పోజూచును. బంగాళసైన్యమున 1857నకు పూర్వము పటాలములలో నుండవలసిన అధికారులు పలువురు ఇట్లు ఇతరోద్యోగములలో నుండిరి. సిపాయిల భాష, మనస్సు ఎరిగిన అధికారి కఱవగుటకు అది యొక కారణమని చరిత్రకారులు వ్రాయుచున్నారు.

ఇట్టి దోషమే అమెరికా సైనికవిద్యాలయమున మరియొక రూపున కనబడును. 1802లో స్థాపితమైన వెస్ట్ పాయింటున, 1817 మొదలు 1833 వరకు అధ్యక్షుడైన థేయరు దొర క్యాడెట్టులందరికిని ప్రతిభాక్రమమును ఏర్పరచెను. ముందున్నవారు ఇంజనీర్లలోనికి, తరువాతివారు ఫిరంగులకు, క్రిందివారు పదాతి, అశ్వికదళములకు పోవుట అచట ఆచారమయ్యెను. 1829 తరగతిలో రెండవవాడైన లీ ఇంజనీరయ్యెను. 1843లో ముప్పదితొమ్మిది మందిలో ఇరువదియొకటవవాడు గ్రాంటు. ఆ తరగతిలో గుఱ్ఱపుస్వారియందు అతనిని మించినవాడు లేడు. అతడు కోరినదియు అశ్వికదళమే. కాని అచట ఖాళీ లేక నాలుగవ పదాతిదళమున వేసిరి. తరువాతి అంతర్యుద్ధమున లీ నాయకత్వమున నున్న సైన్యమును 1865లో లొంగదీసినవాడు ఈ గ్రాంటే. 1869లో దేశాధ్యక్షుడును ఆయెను. అంకములు మనుష్యుని తూచు త్రాసులలో నొకటి గాని, ఏకైకమైన త్రాసు కాదు. ముప్పదియైదేండ్లు బడిపిల్లల పరీక్షాపత్రములు దిద్దినవాడు ఈ మాట వ్రాయుట కొందరికి వింతగ నుండవచ్చును.

మరల ఆడిస్‌కూంబునకు వచ్చెదము. కాటను చదివిన ముప్పదియేండ్ల పిదప అదే విద్యాలయమున చదివి, 1851లో బంగాళ శతఘ్నిదళమున చేరినవాడు ఫ్రెడరిక్ రాబర్ట్సు. ఇతడు 1881 నుండి 1885 వరకు మద్రాసు సైన్యాధిపతిగను, ఆపై 1893 వరకు సమస్త హిందూదేశపు సేనాధిపతిగను ఉండెను. చిరకాలము శాంతిసౌఖ్యముల ననుభవించుటచేత దక్షిణదేశపు జాతులలో యుద్ధశక్తి నశించినదని ఇతని నమ్మకము. ఉత్తరమునను, వాయవ్యమునను గల కొన్ని జాతులు వీరజాతులు, తక్కినవి కావు అను వాదము ఇతని కాలమున సైన్యచేరికకు శాసనమయ్యెను. పందొమ్మిదవ శతాబ్దము ముగియులోగా మద్రాసు పటాలములలో తెలుగువారి చేరికను మిక్కిలి తగ్గించిరి. అంతకు పూర్వపు చరిత్రయో! క్లైవు బంగాళమునకు కొనిపోయిన సిపాయిలు మద్రాసునుండి పోయినవారు. అందుచేతనే ఆ దేశమున చాలకాలము సిపాయి యనుటకు ‘తిలంగా’ యనియే వాడుక. మన జాతిపేరే సైనికునకు పర్యాయపదమైన కాలముండెను. అట్టి జాతి నూరేండ్లలో వీరత్వము కోల్పోయినదని తీర్పు చెప్పినవాడు, తాను మాత్రము వంశమును బట్టి గాక పరీక్షను బట్టి తన శాఖను పొందినవాడు. ఇంతకంటె విపరీతము నాకు కానరాదు.

1857 తరువాత మరియొక నిషేధము వచ్చెను. కొండప్రాంతములలో వాడు చిన్న ఫిరంగుల దళములును, హైదరాబాదు కంటింజెంటు దళమును దక్క, శతఘ్నులను భారతీయుల చేతికి నమ్మరాదని నిర్ణయించిరి. అనగా శాఖానిర్ణయమున ప్రతిభయు, కోరికయు గాక, అనుమానము మూడవ ప్రమాణమయ్యెను.

మొదటి ప్రపంచయుద్ధము ముగియుచుండ, 1918లో సాండ్‌హర్‌స్టున ఏటేట పదిమంది భారతీయులకు చోటు కల్పించిరి. కాని వూలిచ్చి ద్వారము మూసియే యుంచిరి. కావున భారతీయుడు ఎంతటి గణితజ్ఞుడైనను ఫిరంగిదళమునకుగాని, ఇంజనీర్లకుగాని పోజాలడు. 1923లో మరియొక కట్టుబాటు చేసిరి. భారతీయాధికారులను ఎనిమిది పటాలములకు మాత్రమే పంపవలెననుట దాని సారము. ఏడవ, పదునారవ అశ్వికదళములు రెండును, పదాతిపటాలములు ఆరును. తెల్లవాడు నల్లవాని క్రింద పనిచేయు దినము రాకుండ కట్టిన గోడ ఇది. ఆ ఆరింటిలో మద్రాసు పయనీర్ల పటాలమొకటి, హైదరాబాదు రెజిమెంటు నాలుగవ పటాలమొకటి. పేరు హైదరాబాదే గాని, అందలి సిపాయిలు కుమావూనీలు, జాట్లు, అహీరులు మొదలగువారు. 1945లో దాని పేరే కుమావూను రెజిమెంటుగ మార్చిరి. పేరును జూచి మన రెజిమెంటని తెలుగువాడు మురిసియుండినచో ఎంత భ్రమయో పాఠకులే గ్రహింతురు. ఆ పటాలమునకు అధికారిగ వచ్చిన తిమ్మయ్య కొడగువాడు. రాజపుత్ర రెజిమెంటునకు వచ్చిన కరియప్పయు కొడగువాడే. ఇరువురును కాలక్రమమున స్వతంత్రభారత సైన్యమునకు అధిపతులైరి.

1925లో నియమింపబడిన స్కీను సంఘమున మోతీలాల్ నెహ్రూ, జిన్నాగారలు సభ్యులు. అందు నెహ్రూగారు నడుమనే తొలగిరి. ఆ సంఘము ఎనిమిది పటాలముల గోడను పడగొట్టవలెననియు, వూలిచ్చి ద్వారము తెరువవలెననియు, హిందూదేశముననే సైనికకళాశాల నెలకొల్పవలెననియు సిఫారసు చేసెను. గోడ వెంటనే కూలలేదు. ద్వారము మాత్రము తెరువబడెను. 1932 అక్టోబరు 1వ తేదీన డెహ్రాడూనులో కళాశాల వెలసెను. మొదటి జట్టు నలువదిమందిలో పదునైదుగురు బహిరంగపరీక్ష ద్వారమునను, పదునైదుగురు సైన్యపు సిపాయిలనుండియు, పదిమంది సంస్థానముల సేనలనుండియు వచ్చిరి. పరీక్షయు, సేవయు, సంస్థానాధీశుల పలుకుబడియు కలసి కూర్చున్న తరగతి యది. అందొకడు పార్సీయగు మానెక్‌షా. 1935 జనవరిలో బెంగుళూరున భారతీయులతో తొలి మైదాన శతఘ్నిదళము నేర్పరచుటతో, ఎనుబదియేండ్లకు సమీపించిన నిషేధము తొలగెను. రెండవ ప్రపంచయుద్ధమున తక్కిన గోడలును కూలినవి. 1939లో నాలుగైదు వందలుగ నున్న భారతీయాధికారులు, 1945 నాటికి ఎనిమిది వేలకు పైబడిరి. మనుష్యుడు కావలసివచ్చినప్పుడు జాతిసిద్ధాంతము ఏ మూలను దాగెనో ఎవ్వరు నడుగలేదు.

ఇచట మన రెజిమెంటు తీర్మానమును ప్రతిపాదించు పెద్దలు ఒక ప్రశ్న వేయవచ్చును: మహారులకు రెజిమెంటు వచ్చినది గదా, వారు కోరుటచేత గదా వచ్చినది? ప్రశ్న న్యాయమైనది. మహారులు బొంబాయి సైన్యమున తరతరములుగ పనిచేసినవారు. అంబేడ్కరుగారి తండ్రి సుబేదారు. వీరజాతివాదము ప్రబలినప్పుడు వారి చేరికను నిలిపివేసిరి. మొదటి యుద్ధమున అవసరమై 1917లో ఒక పటాలము నేర్పరచి, 1921లో దానిని తీసివేసిరి. 1941లో అంబేడ్కరుగారు పట్టుబట్టగా బెల్గామున మహారు రెజిమెంటు వెలసెను. వారు కోరినది పేరు కాదు. పుట్టుకచేత మూసివేసిన తలుపు తెరువుమని కోరిరి. నేడు తెలుగువానికి, ఏ కులమువాడైనను, సైన్యమున అట్టి మూసిన తలుపు లేదు. కావున వారి దృష్టాంతము మనకు వర్తింపదు.

ఆ మహారు రెజిమెంటు చరిత్రయే అధికారుల విషయమున మనకు కావలసిన సాక్ష్యమును గూడ ఇచ్చుచున్నది. 1942లో ఆ రెజిమెంటున రెండవ లెఫ్టినెంటుగ చేరిన తెలుగువాడు కోటికలపూడి వెంకట కృష్ణారావు. 1981లో ఆయన భారత స్థలసేనాధిపతి యయ్యెను. 1946లో అందే చేరిన తమిళుడు సుందర్జీ 1986లో ఆ పదవినే యధిష్ఠించెను. ఇరువురును మహారులు కారు. రెజిమెంటు పేరొక కులమునది. అధికారులను పంపినది కులము కాదు. మన సంఘము పేర రేపు రెజిమెంటు వెలసినను, దానికి అధిపతులుగ మణిపురమునుండియో, కాశ్మీరమునుండియో, కేరళమునుండియో యువకులు వత్తురు. మన పిల్లలు సిక్కుల పటాలమునకో, గూర్ఖాల పటాలమునకో పోవుదురు. ఇది మంచిదో చెడ్డదో యని చర్చింపను. ఉన్న స్థితి ఇది.

1949లో కరియప్ప సర్వసేనానియైన పిదప, సమస్తకులములు, ప్రాంతములు కలసిన గార్డ్సు బ్రిగేడును స్థాపించెను. పాతపేర్లు గల కొన్ని పదాతిరెజిమెంట్లలో సిపాయిల చేరిక నేటికిని పూర్వపు వర్గములనుండియే హెచ్చుగ జరుగుచున్నది. కాని కులము, మతము, ప్రాంతము పేరిట క్రొత్త రెజిమెంటు నేర్పరుపబోమని ప్రభుత్వమువారు పార్లమెంటున పలుమారు చెప్పియున్నారు. ఢిల్లీయాత్ర వ్యయమును లెక్కించు కోశాధికారి మహాశయులకు ఈ సంగతి ఉపయోగపడవచ్చును.

ఇప్పటి పద్ధతి యెట్టిదనగా: ఖడక్‌వాస్లా జాతీయ రక్షణ విద్యాలయమున మూడేండ్లు చదివిన స్థలసేన క్యాడెట్టు డెహ్రాడూనులో ఒక యేడు గడపును; పట్టభద్రుడై నేరుగ వచ్చినవాడు అచట ఏడాదిన్నర యుండును. ముగింపునకు ముందు ప్రతివాడును తాను కోరు శాఖలను వరుసగ వ్రాసి యిచ్చును. అతని ప్రతిభాక్రమము, కోరిక, ఆ జట్టునకు గల ఖాళీలు మూడింటిని కలిపి శాఖ నిచ్చుదురు. అయితే ఉత్తములందరు ఒకే శాఖకు పోకుండ, ప్రతిశాఖకును పైవరుస, నడిమివరుస, క్రిందివరుసలనుండి పాలు వచ్చునట్లు సర్దుదురు. ఆడిస్‌కూంబు దోషమునకు ఇది మందు. తొలిస్థానమున నిలిచినవాడు పదాతిదళమును కోరుకొనుట నేడు అరుదు కాదు. దానిని వారు గర్వముగ చెప్పుకొందురు.

జన్మ యను ప్రమాణము మాత్రము ఒక సన్ననిదారిని మిగిలియున్నది. తండ్రియో, అన్నయో పనిచేసిన పటాలమును కొడుకు, తమ్ముడు కోరుటకు హక్కు కలదు. దీనిని పైతృకాధికారమని యందును. పటాలమున పెరిగిన బిడ్డడు అచటి మర్యాద లెరిగియుండుననుట దీని హేతువు. ఇది కులము కాదు, కుటుంబము. అయినను, సైన్యమున తాతతండ్రులు లేని మన సంఘపు పిల్లవానికి ఈ హక్కు లేదు. మొదటితరమువాడు తన క్రమాంకము మీదనే నిలువవలెను. వాని కొడుకు నాటికి ఆ హక్కు మన యింట గూడ నుండును.

ఇంజనీరింగు, సిగ్నల్సు మొదలగు యాంత్రికశాఖల దారి కొంత వేరు. వీనికి శాస్త్రవిద్య విశేషముగ కావలెను. మన సికిందరాబాదునందే యంత్రశాఖాధికారులకు ఇంజనీరింగు నేర్పు సైనికకళాశాల యున్నది. దాని గోడ ప్రక్కనుండి నిత్యము పోవుచున్న మనవారిలో ఎందరికి ఆ సంగతి తెలియునో! స్త్రీల విషయమునను మార్పు వచ్చినది. 1992లో మద్రాసు అధికారశిక్షణ విద్యాలయమున వారి ప్రవేశము మొదలుకాగా, వారికి తొలుత కొన్ని సేవాశాఖలే దక్కినవి. సుప్రీము కోర్టువారి 2021 నాటి ఉత్తరువు వలన 2022 నుండి జాతీయ రక్షణ విద్యాలయమున గూడ చేరిరి. 2023లో శతఘ్నిదళము వారికి తెరువబడెను. మన బాలికా వసతిగృహమునకు విరాళములిచ్చిన దాతలు ఈ పంక్తులను ప్రత్యేకముగ చదువగోరెదను.

కావున ఈ మహాసభవారికి నా మనవి యిది. రెజిమెంటు తీర్మానమునకు బదులు, అందుకై కూర్చదలచిన నిధితో విజయనగరము చెంతనున్న కోరుకొండ సైనికపాఠశాల ప్రవేశపరీక్షకు పల్లెపిల్లలను తయారుచేయుటకు ఇద్దరు గణితోపాధ్యాయులను నియమింపుడు. ఆ పాఠశాల 1962 నుండి నడచుచున్నది. రాయలసీమవారికి కలికిరిలో మరియొకటి కలదు. వెలుపల చదువు పెద్దపిల్లల విషయమున గుర్తుంచుకొనవలసినది స్వల్పము. రక్షణవిద్యాలయ ప్రవేశపరీక్ష ఏటికి రెండుమారులు జరుగును. గణితమునకు 300, సామాన్యజ్ఞానమునకు 600, ఆపై జరుగు సైనిక ఎంపికమండలి పరీక్షకు 900 అంకములు. వయస్సు పదునారున్నర, పందొమ్మిదిన్నర యేండ్ల నడుమ నుండవలెను. స్థలసేనకు ఇంటర్మీడియేటులో ఏ గ్రూపు చదివినను చాలును. నౌకా, వైమానికశాఖలకు మాత్రము గణితము, భౌతిక, రసాయనశాస్త్రములు చదివియుండవలెను. పదవతరగతి ముగిసి గ్రూపు నెన్నుకొను వేసవిలోనే ఈ సంగతి పిల్లవానికిని, వాని తండ్రికిని తెలియునట్లు చూడవలసినవారు మన తాలూకా శాఖాకార్యదర్శులు.